పాత ఆసుపత్రి అన్నప్పుడు దిగాలి

మేమెక్కే బస్సులో ఒక ఆడగొంతు ఉంది. డ్రైవరు తల పైనున్న చిన్న పెట్టెలోంచి "తరువాతి స్టాప్ ఫలానా" అంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతులమ్మ హాజరు పిలిచినట్టు ముద్దుగా, స్పష్టంగా ఉంటుంది ఆ గొంతు. చిక్కల్లా ఏమిటంటే, అది చెప్పేది నిజం కాదు. అలాగని అబద్ధమూ కాదు. ఒక స్టాప్ ముందు నడిచే నిజం.

ఆగినా ఆగకపోయినా, బస్సు ఒక స్టాప్ దాటగానే డ్రైవరు మీట నొక్కుతాడు. పెట్టె తన వరసలో ఉన్న తరువాతి పేరు చదువుతుంది. కొన్నేళ్ల కిందట దారి మధ్యలో వంతెన దగ్గర కొత్త స్టాప్ పెట్టారు. రేకులు కప్పారు, బెంచీ వేశారు, పెట్టెకు మాత్రం చెప్పడం మరిచారు. దాంతో అప్పటిదాకా బుద్ధిగా వచ్చిన గొంతు, వంతెన దగ్గరికి వచ్చేసరికి మమ్మల్ని వదిలేసి ముందుకు పోతుంది. బస్సు గుడ్డల బజారుకు వెళుతుంటే పాత ఆసుపత్రి అంటుంది. పాత ఆసుపత్రికి వెళుతుంటే రైలు గేటు అంటుంది. తిరుగు ప్రయాణంలోనూ అదే తంతు.

మొదట్లో తిట్టుకున్నాం. తరువాత నవ్వుకున్నాం. ఆ పైన దానికి తొందరమ్మ అని పేరు పెట్టుకుని, దాని తప్పును కలుపుకునే బతకడం నేర్చుకున్నాం. కొత్తవాళ్లు ఎక్కితే ఎవరో ఒకరు పాఠం చెప్పేవారు: "మీ స్టాప్ పేరు వినపడగానే లేవకండి. దాని తర్వాత పేరు వినపడినప్పుడు లేవండి." ఆ పాఠం చెప్పడంలో అందరికన్నా ముందుండేది కాజాలక్క.

కాజాలక్క మా ఇంటి కింది వాటాలో తన చెల్లెలితో ఉంటుంది. నాది పై గది. కాజాలక్క అసలు పేరు ఇంటికొచ్చే కరెంటు బిల్లుకు తప్ప ఎవరికీ అక్కరలేదు. కోట్లకు చేత్తో కాజాలు కుడుతుంది. కాజా మిషన్లు వచ్చి ఎంతో కాలమైనా, కోటుకు మాత్రం చేతి కాజానే ఉండాలని పట్టుబట్టే మాస్టరు ఒకాయన గుడ్డల బజారులో మిగిలి ఉన్నాడు. ఆయన కత్తిరించి కుట్టిన కోటు, చివరికి ఈమె చేతిలోకి వస్తుంది. బొత్తం కొలతకు చిన్న చీలిక కోస్తుంది. దాని అంచు వెంట సన్నటి పురితాడు పరుస్తుంది. పట్టుదారానికి మైనం పూసి, ఆ పురిని కప్పుతూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోతుంది.

"గుడ్డకు గాయం చేయడం, అది మళ్లీ పూడకుండా చుట్టూ కుట్టడం. ఇదేనండీ నా బతుకంతా," అని ఒకసారి మెట్ల మీద కూర్చుని నవ్వింది.

చెల్లెలు ఒక బడిలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూడా గంట కొట్టినట్టే మాట్లాడుతుంది. అక్క అంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని ఆమె ప్రేమగా బయటపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. కోపంగా మాత్రం రోజూ చూస్తాను.

కిందటి వానల్లో ఒక సంగతి జరిగింది. కాజాలక్క బస్సు దిగి వస్తూ, వీధిలో మాకు రెండిళ్ల అవతల గేటు తీసుకుని లోపలికి వెళ్లి, వరండాలో చెప్పులు విడిచి, గొడుగు మూల నిలబెట్టి, "ఏమే, కాసిని మంచినీళ్లియ్యి," అని కేకేసింది. ఆ ఇంటాయన పాపం మారు మాట్లాడకుండా నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగి, గ్లాసు అందిస్తూ, "నీ గొంతేంటే ఇవాళ ఇలా బొంగురుపోయింది?" అందట.

వీధంతా నవ్వింది. చెల్లెలు నవ్వలేదు.

"గొడుగు అడ్డమొచ్చిందే," అంది కాజాలక్క.

"గొడుగు మూల పెట్టాక కూడా అడ్డమొచ్చిందా? సొంతిల్లు తెలీని మనిషివి బజారుకెలా పోతున్నావక్కా? ఇదిగో, చెబుతున్నా విను. ఇంకొక్కసారి దారి తప్పావంటే కోట్లూ లేవు, కాజాలూ లేవు. ఇంట్లో కూర్చోవడమే. మాస్టరుకి నేనే చెప్పేస్తాను."

ఆ మాట ఉత్తుత్తి బెదిరింపు కాదని మా ముగ్గురికీ తెలుసు. అందుకే మరునాడు మెట్ల మీద కాజాలక్క గొంతు తగ్గించి నాతో అసలు సంగతి చెప్పింది.

"నా చెయ్యి చాచినంత మేర లోకం బాగానే ఉందండీ అన్నయ్యగారూ. సూది కనిపిస్తుంది, దారం కనిపిస్తుంది. ఆ పైన అంతా పాలు ఒలికినట్టే. చెల్లితో అనకండి."

"మరి బస్సు?"

"మన వీధి చివరికొచ్చేది ఆ ఒక్క బస్సే కదా, ఎక్కడానికి తిప్పల్లేదు. స్టాపులు లెక్కపెట్టుకుందామంటే సగం చోట్ల ఆగడు. తొందరమ్మ ఉందిగా, అదే నా కళ్లు. పాత ఆసుపత్రి అనగానే లేస్తాను, నాలుగు అడుగులేస్తే మాస్టరు సందు."

చెల్లెలితో అనలేదు. అనాలో వద్దో అప్పటికీ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

ఆ తరువాత ఒకరోజు ఉదయం మేమిద్దరం ఒకే బస్సెక్కాం. నేను రైలు గేటు దగ్గరి గ్రంథాలయానికి వెళుతున్నాను. ఆమె ఒళ్లో గుడ్డసంచి, సంచిలో ముదురు నీలం కోటు. రాత్రి ఇంట్లోనే కాజాలు పూర్తిచేసింది. మధ్యాహ్నంలోగా దుకాణంలో ఉండాలి. ఆ కోటు వేసుకుని సాయంత్రం ఊరెళ్లాల్సిన మనిషి ఒకాయన ఉన్నాడు. నేను వెనక సీట్లో పుస్తకం తెరిచాను. ఆమె పక్కన ఒక కొత్త అమ్మాయి వచ్చి కూర్చుంది. చేతిలో కిటికీ తెర ముక్క.

"అత్తా, గుడ్డల బజారు ఎప్పుడొస్తుంది? దీనికి జోడీ గుడ్డ కొనాలి."

"నేనూ అక్కడికే. నాతో దిగు," అని కాజాలక్క సర్దుకుని కూర్చుంది. ఇక పాఠం మొదలైంది. తొందరమ్మ పుట్టుపూర్వోత్తరాలు, మీట కథ, వంతెన కథ, దాని మాట విని పెళ్లిచూపులకు వేరే వీధిలో దిగిపోయిన ఒక కుర్రాడి కథ. అమ్మాయి పకపకా నవ్వుతోంది. ఆ నవ్వులోనే గొంతు, "తరువాతి స్టాప్ వంతెన," అంది.

అంతకుముందు ఏనాడూ ఆ పెట్టె నోట వంతెన అనే మాట రాలేదు. నా చెవిన పడింది. ఏదో కొత్తగా ఉందే అనిపించింది కూడా. పేజీ తిప్పాను.

పెట్టెను సరిచేశారన్నమాట. చెప్పాపెట్టకుండా, ఏ రాత్రో డిపోలో. ఇన్నేళ్లూ ఎవరు అడిగినా చేయనిది ఆ రోజు ఎందుకు చేశారో నాకు తెలియదు.

బజారుకు ముందు స్టాపైన నీళ్ల ట్యాంకు దాటాక గొంతు, "తరువాతి స్టాప్ గుడ్డల బజారు," అంది. అమ్మాయి లేచింది. కాజాలక్క కొంగు పట్టి లాగినట్టు ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"అదిగో, చెప్పానా? కొత్తవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. పాత ఆసుపత్రి అన్నప్పుడు దిగాలి."

బస్సు ఆగింది. కొందరు దిగారు.

"ఇక్కడ చాలామంది దిగుతున్నారత్తా?"

"నీళ్ల ట్యాంకు జనం. పొద్దున్నే అలాగే దిగుతారు."

రోజూ వచ్చేవాళ్లలో సగం మంది కదలకుండా ఉండిపోయారు. కళ్లున్నవాళ్లే. కాని రోజూ పోయే దారిని కిటికీలోంచి ఎవరు చూస్తారు? ఒకరు ఫోను చూసుకుంటున్నారు, ఒకరు కునుకు తీస్తున్నారు, కడ్డీ పట్టుకుని వేలాడుతున్నవాళ్లకు ఎదుటివాడి చంక తప్ప ఏమీ కనిపించదు. గొంతు పాత ఆసుపత్రి అనగానే అందరూ ఒక్కసారి లేచారు. కాజాలక్క కూడా ఠీవిగా లేచి, అమ్మాయిని వెంటబెట్టుకుని దిగింది. నేను పుస్తకంలోనే ఉన్నాను. నా స్టాప్ దాటి నేనెంత దూరం పోయానో చెప్పుకుంటే నవ్వుతారు, వదిలేద్దాం.

అక్కడి నుంచి జరిగింది ఆమె చెప్పగా విన్నదే.

దిగగానే నాలుగు అడుగులేసి ఎడమకు తిరిగింది. సందు ఉండాలి. చేతికి గోడ తగిలింది. కాస్త ముందుకు జరిగింది. గోడే. సందు మొదట్లోని ఇస్త్రీ బండి బొగ్గువాసన రావాలి, రాలేదు. బేరాల గోల వినిపించాలి, తనతో దిగినవాళ్ల సణుగుడు దూరమయ్యాక ఎక్కడో ఒక కాకి తప్ప ఏదీ పలకడం లేదు. బజారును రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారా అనుకుందట. నిజంగానే అలా అనుకున్నానని ఒట్టేసి చెప్పింది.

"అత్తా, ఇక్కడ బజారేదీ?" అంది అమ్మాయి.

"ఇక్కడే ఉండాలి. గోడ కొత్తగా కట్టారేమో."

"గోడకు నాచు పట్టి ఉంది. పైన స్టాప్ బోర్డు మీద పాత ఆసుపత్రి అని రాసుంది కదా! చూళ్లేదా మీరు?"

కాజాలక్క గోడను ఇంకో జానెడు తడిమింది. అమ్మాయి ఆమె ముఖంలోకి ఒకసారి, గోడ మీదున్న ఆమె చెయ్యి వైపు ఒకసారి చూసి ఉంటుంది. ఎందుకంటే ఆ తరువాత గొంతు మారింది. "రండత్తా, ఆటోలో వెనక్కి వెళ్దాం. నేను దింపుతాను."

"నువ్వెళ్లమ్మా. నాకిక్కడ పనుంది."

"ఈ గోడ దగ్గరా?"

"ఆఁ, ఇక్కడే."

అమ్మాయి వెళ్లిపోయింది. ఆటో చప్పుడు దూరమయ్యాక కాజాలక్క గోడను తడుముకుంటూ నడిచింది. ఆమెకు అర్థం కానిది ఒక్కటే. ఇన్నేళ్లుగా పాత ఆసుపత్రి అనే మాట వినడమే తప్ప ఆ చోటు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఆమె లెక్కలో ఆ మాటకు అర్థం మాస్టరు సందు, ఇస్త్రీ బండి, తన పీట. ఆ మాట చెప్పిన చోటే దిగింది. మరి తప్పెవరిది?

గోడ ఒక గేటు దగ్గర ఆగింది. అక్కడ కుర్చీలో వాచ్‌మన్ ఉన్నాడు.

"ఎవరు కావాలమ్మా?"

"ఇది ఆసుపత్రా బాబూ?"

"కాదు."

"మరి పాత ఆసుపత్రి అంటారు?"

"ఉన్నన్నాళ్లూ ఉత్త ఆసుపత్రే అనేవాళ్లు. ఇక్కణ్ణుంచి ఎత్తేశాకే పాత ఆసుపత్రి అయింది. ఇప్పుడు లోపల విరిగిన బెంచీలున్నాయి. వాటికి కాపలా నేను."

"బెంచీలను ఎవరెత్తుకుపోతారు?"

"నేనూ అదే అడిగానమ్మా. అడిగితే ఉద్యోగం తీసేస్తారేమోనని మళ్లీ అడగలేదు." లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూర్చో. అయినా ఏంటివాళ? ఇక్కడ ఎవరూ దిగరు. పొద్దుట్నించీ ఒకరి తర్వాత ఒకరు దిగి, గోడ చూసి, నన్ను చూసి, నేనేదో చేసినట్టు తిట్టిపోతున్నారు."

అప్పుడే ఇంకో బస్సు ఆగింది. బొత్తాల దుకాణం ఆవిడ దిగి, "అయ్యో, ఇదెక్కడికి తెచ్చిపడేశాడు!" అంది. వెనకే దిగిన బ్యాంకు బంట్రోతు, "మనం సరిగ్గానే దిగామమ్మా, స్టాపే తప్పు చోట ఉంది," అన్నాడు. ఇద్దరూ కాసేపు డ్రైవర్ని, కాసేపు తొందరమ్మను, కాసేపు ఒకరినొకరు తిట్టుకుంటూ వెనక్కి నడిచారు. వాళ్లను పిలిచి, నన్నూ తీసుకెళ్లండి అనొచ్చు. నోరు రాలేదట. ఇన్నేళ్లూ బస్సంతటికీ దారి చెప్పిన మనిషి, చెయ్యి పట్టుకుని నడిపించమని ఎలా అడుగుతుంది? ఈ కబురు ఇంటికి చేరితే? ఒళ్లో కోటు సంచిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇదే ఆఖరి కోటేమో అనిపించిందట.

ఫోను మోగింది. మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"ఎత్తమ్మా, పాపం ఎవరో," అన్నాడు వాచ్‌మన్.

"వద్దులే బాబూ."

మాస్టరు ముందు ఈమెకు చేసి, ఎత్తకపోతే ఇంటికి చేశాడు. "చిన్నక్కా, మీ అక్క ఇంకా రాలేదు. కోటాయన ఇక్కడ కూర్చుని నన్ను తింటున్నాడు." చెల్లెలు కట్టుకున్న చీరతోనే బయల్దేరింది. ఆమె ఆ వైపు వెళ్లడం ఏడాదికో రెండేళ్లకో. బస్సు కిటకిటలాడుతోంది, బయట ఏమీ కనిపించదు. అయినా ఫరవాలేదు. ఎక్కడ దిగాలో అక్క లక్షసార్లు చెప్పింది.

అలా దిగి, నాలుగు అడుగులేసి, ఎడమకు తిరిగి, గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న అక్కను చూసింది.

"నీకేమైనా బుద్ధుందా అక్కా! ఫోనెందుకెత్తవు?"

"ఎత్తితే ఏం చెప్పను?"

"ఎక్కడున్నావో చెప్పాలి."

"అది తెలిస్తే ఎత్తేదాన్నేగా."

"అయితే దారి తప్పావు. ఒప్పుకో."

"ఒప్పుకున్నా. మరి నువ్వేం చేస్తున్నావిక్కడ?"

"నేనా? నేను నిన్ను వెతుక్కుంటూ మాస్టరు దుకాణానికి..." చెల్లెలు అటూ ఇటూ చూసింది. గోడ, గేటు, వాచ్‌మన్. "ఇదేంటి? పాత ఆసుపత్రి అన్నప్పుడేగా దిగాలి?"

"మీరూ కూర్చోండమ్మా," అన్నాడు వాచ్‌మన్. "ఇంకో కుర్చీ లేదు గాని, లోపల విరిగిన బెంచీలు చాలా ఉన్నాయి."

కాజాలక్కకు నవ్వు ఆగలేదు. చెల్లెలు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. నవ్వుతూ నవ్వుతూ, అక్క తన ముఖం వైపు కాకుండా కాస్త పక్కకు చూస్తూ నవ్వుతోందని గమనించింది.

"అక్కా, ఆ గోడ మీద ఏం రాసుందో చెప్పు."

"గోడ మీద రాసుందా ఏమైనా?"

మనిషంత ఎత్తు అక్షరాలు.

"ఇచ్చట చెత్త వేయరాదు అని రాసుందమ్మా," అన్నాడు వాచ్‌మన్ సాయంగా.

"ఎన్నాళ్లనుంచి?" అంది చెల్లెలు. అది గోడను గురించి కాదు.

"చెబితే మాన్పిస్తావని చెప్పలేదే."

"చెప్పకపోతే మాన్పించనా? కనిపించకుండానే కాజాలు కుడుతున్నావా?"

కాజాలక్క సంచిలోంచి కోటు తీసి ఇచ్చింది. చెల్లెలు కాజాల వెంట వేలు పోనిచ్చింది. ముడి పక్కన ముడి, ఎక్కడా ఒకటి పైకి లేవలేదు, ఒకటి కుంగలేదు.

"నా చెయ్యి దాకా కనిపిస్తుందే. నా పనీ అంతవరకే. బజారుదాకా చూడాల్సింది బస్సు. అది చూడకపోతే నేనేం చెయ్యను?"

ఇద్దరూ నడిచే వెనక్కి వెళ్లారు. చెల్లెలు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, రెండు అడుగుల తరువాత తనే పట్టుకుందట. దుకాణంలో కోటాయన గోళ్లు కొరుక్కుంటున్నాడు. మాస్టరు, "ఏంటక్కా, ఎప్పుడూ లేంది?" అన్నాడు.

"ఇవాళ బస్సు నిజం చెప్పింది మాస్టరూ. అందుకే ఆలస్యం."

అంతటితో తేలిపోతే బాగుండేది. తేలలేదు. కంటి డాక్టరు శుక్లాలన్నాడు, తీయొచ్చన్నాడు, వంతు వచ్చేదాకా ఆగమన్నాడు. అప్పటిదాకా బజారుకు పంపేది లేదని చెల్లెలు.

"మాటంటే మాటే. దారి తప్పావా, లేదా?"

"తప్పాను. మనిద్దర్లో కళ్లున్నదానివి నువ్వు కూడా తప్పావు. ముందు నువ్వు ఇంట్లో కూర్చో, నీ వెనకే నేనూ కూర్చుంటాను."

చెల్లెలు కొన్నాళ్లు తనే వెంట వెళ్లి దింపి రావడం మొదలుపెట్టింది. కాని డిపోవాళ్లు అన్ని బస్సులనూ సరిచేయలేదు. కొన్నిట్లో గొంతు ఇప్పుడు సరిగ్గా చెబుతుంది, కొన్నిట్లో ఇంకా తొందరమ్మే. పైకి చూస్తే రెండూ ఒకటే బస్సు. కునుకు తీసేవాళ్లు కునుకు మానేశారు, ఫోనులు జేబుల్లోకి పోయాయి, అందరూ మెడలు సాచి కిటికీలోంచి చూడటం మొదలుపెట్టారు. చెల్లెలు ఒకరోజు అక్కను నీళ్ల ట్యాంకు దగ్గర దింపింది. ఇంకోరోజు మళ్లీ ఆ వాచ్‌మన్ గేటు దగ్గరే. ఆయన ఈసారి బెంచీ ఒకటి బయట వేసి ఉంచాడట.

"నేనొచ్చినా తప్పుతోంది, రాకపోయినా తప్పుతోంది," అంది చెల్లెలు ఆ సాయంత్రం, చెప్పులు విడుస్తూ. "నువ్వే పో. అయితే ఒకటి. నోరు తెరిచి అడుగు. అడగనని మొండికేస్తే మాత్రం నిజంగానే మాన్పిస్తాను."

మరునాడు మేమిద్దరం మళ్లీ ఒకే బస్సులో ఉన్నాం. అలాంటి గోల నేనంతవరకూ వినలేదు. "ఇది నిజం బస్సా, తొందరమ్మ బస్సా?" అని ఒకరు. "నిన్న నిజమే చెప్పింది," అని ఒకరు. "అది వేరే బస్సు!" అని వెనకనుంచి ఇంకొకరు. వంతెన దగ్గర ఏమంటుందో వింటే తెలిసిపోతుందని బ్యాంకు బంట్రోతు అందర్నీ నోరు మూసుకోమన్నాడు. సరిగ్గా అప్పుడే లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఏమందో ఎవరికీ వినపడలేదు.

కాజాలక్క సంచి సర్దుకుంది. గొంతు సవరించుకుంది. ఆ గోలలో అందరికీ వినబడేలా అంది:

"ఏమండోయ్, నాకు దూరం కనిపించదు. గుడ్డల బజారొస్తే ఎవరైనా చెప్పండి."

ఎవరూ వింతగా చూడలేదు. అడగనివాళ్లు ఆ బస్సులో ఎవరున్నారు గనక! గొంతు ఏదో పేరు చెప్పింది, బస్సు ఆగింది. "ఇదే," అన్నారు ఇద్దరు. "కాదు, ఇంకొకటి," అన్నాడొకాయన. "లేవకక్కా," అని బొత్తాల దుకాణం ఆవిడ తనే లేచి నిలబడింది.

నేను కిటికీలోంచి చూశాను. సందు మొదట్లో ఇస్త్రీ బండి ఉంది.

"ఇదేనండీ," అన్నాను.

కాజాలక్క లేచి, నా సీటు మీద చెయ్యి వేసి ఆగింది.

"పుస్తకంలోంచి చూసి చెబుతున్నారా అన్నయ్యగారూ, కిటికీలోంచా?"

"కిటికీలోంచేనండీ."

ఒక్క క్షణం ఆలోచించింది. అయినా నమ్మలేదు. మెట్టు మీద నిలబడి, ముక్కు ఎగబీల్చి, బొగ్గువాసన వచ్చాకే దిగింది.